కూచిపూడి ప్రత్యక్ష ప్రసారం: నాట్యం మొదలవగానే బొమ్మ పగిలిపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న
చిక్కడపల్లి నుంచి ఒక సభా కార్యదర్శి

సభ్యులందరికీ నమస్కారం. మా సంస్థ హైదరాబాదులో శాస్త్రీయ సంగీత, నృత్య కార్యక్రమాలు నిర్వహిస్తుంది. హాలుకు రాలేని పెద్దవారు, విదేశాల్లో స్థిరపడిన పిల్లలు కూడా చూడాలన్న ఉద్దేశంతో వాటిని యూట్యూబులో ప్రత్యక్ష ప్రసారం చేస్తున్నాము. శనివారం సాయంత్రం ఆరున్నరకు ఇక్కడ తెర లేచేసరికి, వేసవిలో అయితే, టెక్సాస్‌లో ఉదయం ఎనిమిది అవుతుంది. అక్కడి కుటుంబాలు పెద్ద టీవీలో చూస్తాయి కాబట్టి బొమ్మలో ఏ లోపం ఉన్నా ముందుగా వారికే కనిపిస్తుంది.

గాత్ర కచేరీలకు మాకు ఇబ్బంది లేదు. విద్వాంసులు కూర్చుని పాడుతున్నంతసేపూ తంబూరా తీగలు సైతం స్పష్టంగా కనిపిస్తాయి. కూచిపూడి ప్రదర్శనలో నర్తకి జతులకు అడుగులు వేయడం ఆరంభించగానే ముఖం, కుచ్చిళ్లు, వెనక తెర అన్నీ గళ్లుగళ్లుగా పగిలిపోతాయి. ఆమె ఒక భంగిమలో నిలిచిన మరుక్షణం బొమ్మ మళ్లీ కుదురుకుంటుంది. అభినయంలో కళ్లే కనిపించకపోతే ఇక ప్రసారం దేనికని మా గురువుగారు అడుగుతున్నారు, అది న్యాయమైన ప్రశ్నే. ఇది కాక, హాలు నిండిన తరువాత ప్రసారం ఆగి ఆగి వెళుతుంది, చూసేవారికి చక్రం తిరుగుతూ ఉండిపోతుంది.

మా దగ్గర ఒక క్యామ్‌కార్డర్, కెమెరా బొమ్మను ల్యాప్‌టాప్‌లోకి తెచ్చే హెచ్‌డీఎంఐ క్యాప్చర్ కార్డు, గ్రాఫిక్స్ కార్డు ఉన్న ల్యాప్‌టాప్, అందులో ప్రసారానికి వాడే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్ ఉన్నాయి. 1080పి, సెకనుకు 60 ఫ్రేములు, 2500 కేబీపీఎస్ బిట్‌రేటుతో (అంటే సెకనుకు 25 లక్షల బిట్ల సమాచారం) హాలువారి వైఫై మీద పంపుతున్నాము. స్పీడ్ టెస్టులో 100 ఎంబీపీఎస్ చూపిస్తుంది. 4కే కెమెరా కొంటే సమస్య తీరుతుందని కొందరు సలహా ఇస్తున్నారు. సభ్యుల చందాలతో నడిచే సంస్థ కాబట్టి ఏ రూపాయి ముందుగా దేనిమీద పెట్టాలో తెలిసినవారు చెప్పగలరు. రాబోయే కార్యక్రమంలో తరంగం ఉంది. ఇత్తడి పళ్లెం అంచు మీద నిలిచి చేసే ఆ నృత్యంలో పాదాలు కనిపించకపోతే చూసేవారికి దక్కేది ఏమీ ఉండదు.

సమాధానం
కోఠి నుంచి ఒక వీడియోగ్రాఫర్

కార్యదర్శి గారికి నమస్కారం. మీరు చెప్పినవి రెండు వేర్వేరు సమస్యలు. బొమ్మ గళ్లుగా పగలడం మీ ఎన్‌కోడింగుకు, అంటే పంపేముందు బొమ్మను కుదించే పనికి, సంబంధించినది, చక్రం తిరగడం నెట్‌కు సంబంధించినది. ఒకదానికి చేసే చికిత్స రెండోదానికి పనిచేయదు. నెట్ సంగతి ఇక్కడి మిత్రులకు నాకంటే బాగా తెలుసు కనుక నేను మొదటిదాని గురించే రాస్తాను.

1080పి బొమ్మలో 1920 నిలువు వరుసలు, 1080 అడ్డు వరుసలు, అంటే 20 లక్షలకు పైగా చుక్కలు ఉంటాయి. ఏమీ కుదించకుండా సెకనుకు 60 ఫ్రేములు పంపాలంటే దాదాపు 3 జీబీపీఎస్ కావాలి. మీరు దాన్ని 2.5 ఎంబీపీఎస్‌లో పంపుతున్నారు, అంటే సుమారు 1200వ వంతుకు కుదిస్తున్నారు. ఇంతగా కుదించినా కచేరీ బాగా కనిపించడానికి కారణం, ఎన్‌కోడర్ ప్రతి ఫ్రేమునూ మొదటినుంచి పంపకపోవడమే. అప్పుడప్పుడు ఒక పూర్తి బొమ్మను, అంటే కీఫ్రేమును పంపి, ఆ తరువాత వచ్చే ఫ్రేములలో మారినదాన్ని మాత్రమే పంపుతుంది. కూర్చున్న విద్వాంసులలో మారేది చేతులు, పెదవులు మాత్రమే. నర్తకి కదిలినప్పుడు విసనకర్రలా విచ్చుకునే కుచ్చిళ్లలో ప్రతి మడతా, జరీ మీద ప్రతి మెరుపూ కొత్త సమాచారమే. మీ లెక్కలో ఒక్కో ఫ్రేముకు దక్కేది దాదాపు 41,700 బిట్లు. అవి చాలనప్పుడు ఎన్‌కోడర్ సున్నితమైన వివరాలను వదిలేసి మొత్తం భాగాన్ని ఒకే రంగు ముద్దగా పంపుతుంది, మీకు కనిపించే గళ్లు అవే.

ఇప్పుడు 60 ఫ్రేములను 25కు తగ్గించి, బిట్‌రేటును 6000 కేబీపీఎస్ చేయండి. ఒక్కో ఫ్రేముకు 2,40,000 బిట్లు వస్తాయి, అంటే ఇంతకుముందు కంటే దాదాపు ఆరు రెట్లు. యూట్యూబ్ తన సహాయ పుటల్లో హెచ్.264 ఎన్‌కోడింగులో 1080పి, 30 ఫ్రేములకు 10 ఎంబీపీఎస్, 60 ఫ్రేములకు 12 ఎంబీపీఎస్, 720పి, 30 ఫ్రేములకు 4 ఎంబీపీఎస్ సూచిస్తుంది. మీరు పంపిన బొమ్మను యూట్యూబ్ అలాగే చూపించదు. 1080, 720, 480, 360 అంటూ వేర్వేరు పరిమాణాల్లో మళ్లీ కుదించి పంచుతుంది. మీరు పంపేటప్పుడే పగిలిన బొమ్మ ఆ రెండో కుదింపులో ఇంకా దెబ్బతింటుంది. అందుకే మీనుంచి వెళ్లేది, చూసేవారికి చేరవలసిన దానికంటే ఒక మెట్టు పైన ఉండాలి.

ఓబీఎస్‌లో రేట్ కంట్రోల్ సీబీఆర్‌గా (బిట్‌రేటు ఎప్పుడూ ఒకేలా ఉండే పద్ధతి), కీఫ్రేమ్ వ్యవధి 2 సెకన్లుగా పెట్టండి. ఆ వ్యవధి 4 సెకన్లు మించకూడదని యూట్యూబ్ చెబుతుంది. మీ ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు ఉంది కదా, ఎన్‌కోడింగును దానికి అప్పగించండి. ప్రాసెసర్ మీద ఎక్స్264 అనే ఎన్‌కోడర్‌తో వేగవంతమైన ప్రీసెట్ (ముందే సిద్ధంగా ఉన్న అమరిక) వాడితే, పని తేలికవుతుంది కానీ అదే బిట్‌రేటుకు బొమ్మ నాణ్యత తగ్గుతుంది. నెమ్మది ప్రీసెట్ పెడితే ఎండాకాలం హాల్లో ల్యాప్‌టాప్ వేడెక్కి ఫ్రేములు వదిలేస్తుంది. ఓబీఎస్‌లో స్టాట్స్ కిటికీ తెరిచి ఉంచండి. నెట్ వల్ల పోయిన ఫ్రేములు, ఎన్‌కోడింగ్ ఆలస్యం వల్ల పోయినవి, రెండరింగ్ ఆలస్యం వల్ల పోయినవి అందులో విడివిడిగా కనిపిస్తాయి. ఏ వరుసలో అంకె పెరుగుతుందో చూస్తే తప్పు ఎక్కడుందో మరొకరిని అడగనక్కర్లేదు.

4కే కెమెరా ఇప్పుడు కొనవద్దు. అందులో చుక్కలు నాలుగు రెట్లు, ఆ బొమ్మను అలాగే పంపితే బిట్ల కరవు ఇంకా పెరుగుతుంది. గుజరాతీ గల్లీలో దొరికే చవక క్యాప్చర్ కార్డుల పెట్టెల మీద కూడా 4కే అని పెద్దక్షరాలతో ఉంటుంది. అవి 4కే బొమ్మను తీసుకుంటాయి, కానీ వాటిలో చాలావాటికి ఉన్నది యూఎస్‌బీ 2.0 మాత్రమే కనుక ల్యాప్‌టాప్‌కు ఇచ్చేది ముందే కుదించిన 1080పి బొమ్మ. మీది అలాంటిదైతే, డబ్బు పెట్టవలసిన మొదటి వస్తువు యూఎస్‌బీ 3.0 క్యాప్చర్ కార్డు.

సమాధానం
మాదాపూర్ నుంచి ఒక నెట్‌వర్క్ ఇంజనీరు

పై సమాధానం సరైనది. చక్రం తిరగడం గురించి నేను రాస్తాను.

స్పీడ్ టెస్టులో మీరు చూసిన 100 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్ అయి ఉంటుంది. ప్రసారానికి కావలసినది అప్‌లోడ్, అందులోనూ వేగం కన్నా నిలకడ ముఖ్యం. టెస్టు కొద్ది సెకన్లలో ముగుస్తుంది. మీ కార్యక్రమం రెండున్నర గంటలు సాగుతుంది. ఆ రెండున్నర గంటల్లో అప్‌లోడ్ ఎంత కిందికి పడిపోతుందో కనుక్కుని, ఆ కనిష్ఠ అంకెలో సగానికి మించకుండా బిట్‌రేటు పెట్టాలన్నది నేను పాటించే నియమం. 6 ఎంబీపీఎస్ పంపాలంటే కనీసం 12 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఎల్లవేళలా నిలబడాలి.

ఓబీఎస్ సాధారణంగా ఆర్‌టీఎంపీ పద్ధతిలో పంపుతుంది, దాని అడుగున సమాచారాన్ని చేరవేసేది టీసీపీ అనే నియమావళి. టీసీపీలో దారిలో ఒక ప్యాకెట్ (సమాచారపు చిన్న పొట్లం) పోతే దాన్ని మళ్లీ పంపి అందినట్టు తేలేవరకూ దాని వెనకవి ముందుకు సాగవు. తిరుమల క్యూలైనులో ముందున్నవారు కదలనిదే వెనకవారు కదలలేనట్టు. ఆ ఆలస్యం పేరుకుని ఓబీఎస్ బఫరు (పంపవలసిన సమాచారం వేచి ఉండే చోటు) నిండిపోతే అది ఫ్రేములను వదిలేస్తుంది, చూసేవారికి చక్రం తిరుగుతుంది. ఎస్‌ఆర్‌టీ వంటి కొత్త పద్ధతులు అలా ఆగి చూడని యూడీపీ అనే నియమావళి మీద నడుస్తూ, పోయిన ప్యాకెట్లను నిర్ణీత వ్యవధిలోపు తెచ్చుకుని, రాకపోతే వదిలి ముందుకు సాగుతాయి. అయితే ఒకే హాలు నుంచి యూట్యూబుకు పంపే మీకు ఆ మార్పు అవసరం లేదు, వైరు చాలు.

వైఫై వదిలేయండి. హాలు నిండాకే ప్రసారం తడబడుతోందన్న మీ మాటలోనే కారణం ఉంది. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఒకదానిమీద ఒకటి పడని చానెళ్లు 1, 6, 11 అని మూడే ఉంటాయి. ప్రేక్షకుల జేబుల్లోని వందల ఫోన్లు, చుట్టుపక్కల దుకాణాల రూటర్లు అన్నీ ఆ మూడింటిలోనే సర్దుకోవాలి. ఖాళీ హాల్లో చేసిన పరీక్ష అందుకే మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. హాలు కార్యాలయంలో ఉన్న రూటర్ నుంచి మీ బల్ల దాకా క్యాట్ 6 కేబుల్ లాగించండి. ఆ కేబుల్ 100 మీటర్ల వరకు నిక్షేపంగా పనిచేస్తుంది, ఖర్చు కెమెరా ఖర్చులో లేశమైనా కాదు. ఆ సాయంత్రం అదే కనెక్షన్ మీద కార్యాలయం సిబ్బంది పెద్ద ఫైళ్లు పంపకుండా ముందే మాట్లాడుకోండి.

ముందు వారం అదే రోజు, అదే వేళకు, ప్రైవేటుగా ఒక గంట ప్రసారం చేసి చూడండి. సాయంత్రం ఏడు దాటాక ఊళ్లో ఇళ్లన్నీ నెట్ వాడే వేళ కాబట్టి ఉదయం చేసిన పరీక్షకు విలువ లేదు. యూట్యూబ్ లైవ్ కంట్రోల్ రూములో స్ట్రీమ్ హెల్త్ బాగుందని చూపిస్తూ, ఒకరిద్దరు మాత్రమే చక్రం గురించి ఫిర్యాదు చేస్తే లోపం వారి ఇంట్లో ఉన్నట్టే. వారిని 720పికి మార్చుకోమనండి. లేటెన్సీ (ప్రసార ఆలస్యం) అమరికలో నార్మల్ ఎంచుకోండి. ప్రేక్షకులతో సంభాషణ లేని నృత్య ప్రదర్శనకు కొన్ని సెకన్ల ఆలస్యం వల్ల వచ్చే నష్టం ఏదీ లేదు, పైగా చూసేవారి దగ్గర ఎక్కువ బఫరు నిలిచి ఆగిపోవడం తగ్గుతుంది.

5జీ ఫోనును ప్రత్యామ్నాయంగా ఉంచుకోవచ్చు, అయితే దాన్నే ప్రధాన దారిగా నమ్ముకోవద్దు. ఇక్కడ 5జీకి ఎక్కువగా వాడే బ్యాండులో ఒకే పౌనఃపున్యాన్ని డౌన్‌లోడుకు, అప్‌లోడుకు కాలం ప్రకారం పంచుతారు, ఆ పంపకంలో పెద్ద వాటా డౌన్‌లోడుదే. మందపాటి గోడల ఆడిటోరియంలో సిగ్నల్ ఇంకా తగ్గుతుంది, కనుక ఫోనును కిటికీ దగ్గర ఉంచి యూఎస్‌బీ వైరుతో కలపండి. 6 ఎంబీపీఎస్ చొప్పున రెండున్నర గంటలకు దాదాపు 6.75 జీబీ డేటా ఖర్చవుతుంది, రోజుకు 2 జీబీ ప్యాకు మధ్యలోనే చేతులెత్తేస్తుంది.

చివరిగా, కరెంటు. వేసవి సాయంత్రాల్లో గాలివాన వచ్చి కరెంటు పోతే హాలు జనరేటర్ అందుకునేలోపు ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది కానీ రూటరూ, దాని వెనకనున్న ఫైబర్ పెట్టె ఆగిపోతాయి. అవి తిరిగి లేచి లైను పట్టుకోవడానికి నిమిషాలు పడుతుంది. ఆ రెండింటికీ కలిపి ఒక చిన్న యూపీఎస్ పెట్టించండి.

సమాధానం
ఖైరతాబాదు నుంచి ఒక రంగస్థల దీపాల నిపుణుడు

పెద్దలు ఇద్దరూ బిట్ల గురించి, నెట్ గురించి చెప్పారు. అసలు బిట్లు ఎక్కువగా వృథా అయ్యేది చీకటి వేదిక మీదే. వెలుతురు తక్కువైనప్పుడు కెమెరా తనంతట తాను గెయిన్‌ను, అంటే బొమ్మను కృత్రిమంగా వెలిగించే అమరికను, పెంచుతుంది, దానితో నల్ల తెర మీద సన్నని ఇసుక రాలినట్టు నాయిస్ కనిపిస్తుంది. ఆ నాయిస్ ఫ్రేము ఫ్రేముకూ మారుతుంది కనుక ఎన్‌కోడర్ దాన్ని కూడా కదలికే అనుకుని దాని మీద బిట్లు ఖర్చు చేస్తుంది. నర్తకి ముఖానికి దక్కవలసినవి ఖాళీ తెరకు పోతాయి. ముందునుంచి పడే తెల్లని దీపాలు రెండు అదనంగా పెట్టించి గెయిన్ తగ్గిస్తే అదే బిట్‌రేటుకు బొమ్మ ఎంతో మెరుగుపడుతుంది.

వెనక ఎల్‌ఈడీ గోడ మీద కదిలే మేఘాలు, తిరిగే చక్రాలు వేసే అలవాటు ఈ మధ్య సభల్లో బాగా పెరిగింది. ప్రసారం ఉన్న రోజున దాన్ని కదలని చిత్రానికే పరిమితం చేయమని నా విన్నపం. కదిలే తెర నర్తకితో సమానంగా బిట్లు తింటుంది, పైగా నాట్యం మీద చూపు నిలవనివ్వదు.

మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సాధారణ దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కెమెరాను 50 హెర్ట్జ్ పద్ధతికి మార్చి, 25 ఫ్రేములకు షట్టర్ 1/50 సెకనుగా, 50 ఫ్రేములకు 1/100 సెకనుగా పెట్టుకోండి. మీరు 60 ఫ్రేములకు 1/60 షట్టర్ వాడుతుంటే బొమ్మ మీద నెమ్మదిగా పాకే చారలు వచ్చే అవకాశం ఉంది. డిమ్మర్ మీద నడిచే ఎల్‌ఈడీ దీపాల మినుకు వేరుగా ఉంటుంది కనుక రిహార్సల్లో దీపాలన్నీ తగ్గించి, పెంచి, మానిటర్లో ఒకసారి చూసుకోవాలి.

ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ రెండూ మీ చేతిలో ఉండాలి. నల్ల తెర ముందు స్పాట్ లైటులో నర్తకి నిలిచినప్పుడు, ఆటోలో ఉన్న కెమెరా చీకటిని చూసి మొత్తం బొమ్మను వెలిగిస్తుంది, ముఖం తెల్లగా తేలిపోతుంది. వెలుతురు మితిమీరిన చోట కెమెరా తెర మీద చూపించే జీబ్రా గీతలు తెరిచి, అవి నుదుటి మీద కనిపించకుండా పోయేవరకు ఐరిస్ (లెన్సులోకి వెలుతురు వచ్చే రంధ్రం) తగ్గించి అక్కడే ఆపేయండి.

ఎర్ర పట్టు ఆహార్యం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ప్రసారంలో వాడే 4:2:0 పద్ధతిలో వెలుతురు వివరం పూర్తిగా వెళుతుంది కానీ రంగు వివరం నాలుగో వంతే వెళుతుంది. ముదురు ఎరుపు, వెనక నలుపు ఉంటే ఆ రెండింటి హద్దు అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది. దానిమీద ఎర్ర దీపం కూడా వేస్తే జరీ అంచు పూర్తిగా కలిసిపోతుంది. ఆహార్యం మార్చమని కళాకారులను అడగలేము, అడగకూడదు కూడా. దీపాల రంగు మార్చడం మన చేతిలో పని. వెనకనుంచి లేత అంబర్ రంగు కాంతి ఒకటి భుజాల మీద పడేలా పెడితే హద్దు తెలుస్తుంది.

శబ్దం హాలు మిక్సర్ నుంచి తీసుకుంటున్నారనే అనుకుంటాను. క్యాప్చర్ కార్డు గుండా వచ్చే బొమ్మ శబ్దం కంటే కొద్దిగా ఆలస్యంగా వస్తుంది. పాటలో అది ఎవరికీ తెలియదు, నాట్యంలో వెంటనే తెలుస్తుంది. నట్టువాంగం తాళం మోగిన క్షణానికీ పాదం నేలను తాకిన క్షణానికీ తేడా రాకుండా, రిహార్సల్లో ఒక జతిని రికార్డు చేసి, ఓబీఎస్‌లో శబ్దాన్ని ఆలస్యం చేసే సింక్ ఆఫ్‌సెట్‌ను మిల్లీసెకన్లలో సరిచేయండి.

కార్యదర్శి గారి ప్రతిస్పందన

అందరికీ కృతజ్ఞతలు. హాలు యాజమాన్యం కేబుల్‌కు ఒప్పుకుంది. రిహార్సల్ రోజున వైరు మీద, 1080పి, 25 ఫ్రేములు, 6000 కేబీపీఎస్‌తో ప్రైవేటుగా పంపి చూశాము. స్టాట్స్‌లో నెట్ వల్ల పోయిన ఫ్రేములు సున్నా, ముఖం ఎక్కడా పగలలేదు. దీపాలు పెంచాక తెర మీది ఇసుక కూడా పోయింది. అయితే వేగమైన జతుల్లో పాదాల కదలిక కొంచెం తెగి తెగి కనిపిస్తోంది. ఫ్రేములు పెంచితే మళ్లీ బొమ్మ పగులుతుందా? తరంగానికి ఏది మేలు?

సమాధానం
కోఠి నుంచి వీడియోగ్రాఫర్

నా ఓటు 1080పి, 25 ఫ్రేములకే. అమెరికాలో పెద్ద టీవీ ముందు కూర్చున్నవారికి కంటి కొసల అభినయం కనిపించాలంటే చుక్కలు కావాలి. కూచిపూడిలో అభినయానికి ఉన్న స్థానం మీకు చెప్పనక్కర్లేదు.

సమాధానం
ఖైరతాబాదు నుంచి దీపాల నిపుణుడు

ఈ ఒక్క విషయంలో నేను విభేదిస్తాను. 720పి, 50 ఫ్రేములు అయితే సెకనుకు దాదాపు 4.6 కోట్ల చుక్కలు, 1080పి, 25 ఫ్రేములు అయితే 5.2 కోట్లు. ఎన్‌కోడర్ మీద భారం ఇంచుమించు ఒకటే, అదే 6000 కేబీపీఎస్ రెండింటికీ సరిపోతుంది. అంటే ఎంపిక వివరానికీ కదలికకూ మధ్యనే. పదం, జావళి వంటి అభినయ రచనలు ప్రధానంగా ఉన్న సాయంత్రమైతే కోఠి మిత్రుడు చెప్పిందే నేనూ చెబుతాను. తరంగంలో పళ్లెం జరగడం, మడమ లేవడం, తాళం మీద ఆగడం చూడాలి. వాటికి 25 ఫ్రేములు చాలవు. ప్రసారం మధ్యలో పరిమాణం మార్చడం మంచిది కాదు కనుక ఆ సాయంత్రమంతా 720పి, 50లోనే ఉంచి, అభినయ భాగాల్లో కెమెరాను నడుము పైభాగం వరకు దగ్గరికి జరపండి. అప్పుడు ముఖం తెరలో పెద్దదై, తగ్గిన చుక్కల లోటు చాలావరకు పూడుతుంది. పాదాల భాగంలో మాత్రం పళ్లెం చుట్టూ కాస్త ఖాళీ వదిలి ఫ్రేము కట్టండి, నర్తకి ముందుకు జరిగినప్పుడు కెమెరా కదపవలసిన పని ఉండదు.

సమాధానం
కోఠి నుంచి వీడియోగ్రాఫర్

తరంగం వరకు మీ వాదనను ఒప్పుకుంటాను. కార్యదర్శి గారూ, దానికి తోడు క్యామ్‌కార్డర్ కార్డులో 1080పి, 50 ఫ్రేములలో విడిగా రికార్డు చేయండి. హెచ్‌డీఎంఐ ద్వారా బొమ్మ ల్యాప్‌టాప్‌కు వెళుతూనే ఉంటుంది, ఆ బొమ్మను ఓబీఎస్ 720పికి తగ్గించి పంపుతుంది, కార్డులోది పూర్తి నాణ్యతతో మిగులుతుంది. 12 గంటలలోపు ప్రసారాన్ని యూట్యూబ్ తనంతట తానే భద్రపరుస్తుంది కానీ అది మీరు పంపిన 720పి బొమ్మే. మరునాడు కార్డులోని ఫైలును మిక్సర్ శబ్దంతో కలిపి వేరుగా అప్‌లోడ్ చేస్తే కళాకారులకు ఇవ్వడానికి మంచి ప్రతి ఉంటుంది. కార్డును ముందురోజే ఖాళీ చేసి ఫార్మాట్ చేయండి. కెమెరా మెనూలో హెచ్‌డీఎంఐ డిస్‌ప్లే సమాచారాన్ని ఆపేయడం మరవకండి, లేకపోతే బ్యాటరీ గుర్తూ, రికార్డింగ్ ఎర్ర చుక్కా ప్రసారంలో కనిపిస్తాయి.